బ్యాటరీ నిండాక నడువమ్మా!

ఇంట్లో ఏ వస్తువూ పనిచెయ్యకపోవడమే మానవజాతి సాధించిన అసలైన ప్రగతి!

నవ్వకండి. సీరియస్‌గానే చెబుతున్నాను. నమ్మకం లేకపోతే ఒక్క ఆదివారం మా అక్కావాళ్లింటికి రండి. కాలింగ్ బెల్ మోగదు, తలుపు బాదండి.

ఈ ప్రగతికి కారకుడు మా బావ. వృత్తిరీత్యా పళ్ల డాక్టరు. వారమంతా జనం నోళ్లలోకి తొంగిచూసీ చూసీ, ఇంటికొచ్చాక నోరులేనివాటిని చూసుకోవాలనిపించిందేమో, రీచార్జబుల్ బ్యాటరీలను పరీక్షించడం మొదలుపెట్టాడు. ఒక్కోదాన్నీ నిండా చార్జి చేస్తాడు. చుక్క మిగలకుండా ఖాళీ చేస్తాడు. మళ్లీ నింపుతాడు. ఎంత పట్టిందో రాసి దాని వీపు మీద స్టిక్కర్ అంటిస్తాడు.

"ఎందుకు బావా ఇదంతా?" అంటే, "ఏది ఎప్పుడు చేతులెత్తేస్తుందో ముందే తెలియాలి కదరా!" అంటాడు.

నిజమే కదా! అవి ఎప్పుడో చేతులెత్తేస్తాయన్న భయంతో ఇల్లంతా ఇవాళే చేతులెత్తేసింది.

ఎన్ని లాభాలో చూడండి. రిమోట్‌లో బ్యాటరీల్లేవు, టీవీ కోసం కొట్లాటల్లేవు. గోడగడియారం మూడుంపావు దగ్గర ఆగింది, ఆ ఇంట్లో ఎవరికీ దేనికీ ఆలస్యం కావడం లేదు. బరువు చూసే మిషన్ కూడా ఖాళీయే. అప్పట్నుంచీ మా అక్క ఒక్క గ్రాము పెరగలేదు! ఏ డైటీషియన్ చెయ్యగలడండీ ఈ పని?

ఇంతటితో ఆగితే బావ ఎందుకవుతాడు? ఉన్న ఒక్క కెమెరానూ విప్పి, లోపలి అద్దపుముక్క ఒకటి పీకేసి, ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలు తియ్యడం మొదలెట్టాడు. అంటే, మన కంటికి కనపడని వెలుగుతో తీసే ఫొటోలన్నమాట. వాటిలో చెట్లు సున్నం కొట్టినట్టుంటాయి. ఆకాశం మాడిన పెనంలా ఉంటుంది. పోయిన నెల మా నాన్నని తీశాడు. నల్లరంగు వేసిన జుట్టు నెరిసిన జుట్టులా తెల్లగా పడింది.

"మామయ్యా, డై వేసినట్టే లేదు!" అన్నాడు బావ సంబరంగా.

"అల్లుడూ, నీ కెమెరా పాడైంది," అన్నాడు మా నాన్న. ఆ రోజునుంచీ ఆయన ఆ గుమ్మం తొక్కలేదు. ఇదీ లాభమే, బావ లెక్కలో!

ఇక అక్క సంగతి. దానికి ఉన్నది ఒకే ఒక్క కోరిక. పాప మొదటి అడుగు వేసేటప్పుడు ఒక ఫొటో కావాలి. చెట్లు తెల్లగా ఉన్నా సరే, పాప తెల్లగా ఉన్నా సరే. వారంనుంచీ పాప సోఫా పట్టుకుని నిలబడుతోంది. ఇవాళో రేపో అన్నట్టుంది.

మొన్న ఆదివారం, నా కళ్లముందే, సోఫా వదిలేసింది.

"ఏమండీ! నడిచేస్తోంది! కెమెరా!"

మూల బల్లమీదకి వంగిన బావ తల తిప్పలేదు. "ఒక్క నిమిషం. కెమెరా బ్యాటరీలే టెస్టులో ఉన్నాయి. నాలుగో నంబరు ఖాళీ అవుతోంది, మధ్యలో తీస్తే రీడింగ్ పోతుంది. అంతదాకా కాస్త కూర్చోబెట్టు."

కూర్చోబెట్టాలట! అక్క ఫోన్ లాగింది. మెమరీ ఫుల్. తెరిచి చూస్తే అన్నీ బ్యాటరీ గ్రాఫుల ఫొటోలే. నా ఫోన్ అంటారా? చార్జింగ్‌లో పెడదామంటే ఆ ఇంట్లో ప్లగ్గు ఖాళీ ఉంటేగా!

పాప మాత్రం ఎవరికోసమూ ఆగలేదు. తూలుతూ తూలుతూ గది దాటింది. లైట్లు మిణుకుమంటున్న చార్జర్ దగ్గరికి తిన్నగా వెళ్లి, చెయ్యి చాచి, నాలుగో నంబర్ని పీకేసింది.

"అయ్యో, రీడింగ్!" అని అరిచాడు బావ. అప్పుడు చూశాడు కూతుర్ని. "ఇదేంటి, ఇక్కడికెలా వచ్చింది?"

"నడిచి," అంది అక్క.

బావ బల్ల వదిలి నేలమీద చతికిలబడి, చేతులు చాచాడు. "అమ్మలూ... ఇంకొక్కసారి. నాన్న దగ్గరికి రా, తల్లీ."

పాప వింటేనా! చప్పున కూర్చుని, నాలుగో నంబర్ని నేలకేసి కొట్టి మరీ పరీక్షిస్తోంది. తండ్రి ఎంత పిలిచినా తల తిప్పలేదు.

ఇంకా మాటలు రాలేదు గానీ, వచ్చుంటే 'ఒక్క నిమిషం' అనేదే.