కుంకుమబొట్టు పీచ్ పండ్లు

ఫ్రిజ్‌లో పెడితే పండ్లు పాడైపోతాయని గోల పెట్టేవాళ్లంతా కృతఘ్నులండీ! అసలు పండు తినడానికని మీకెవరు చెప్పారు? మా పుదుచ్చేరిలో పండు ఇచ్చుకోవడానికి!

నటేశన్ నగర్ జయమ్మాళ్‌కి ఈ సంగతి ఒకరు నేర్పక్కర్లేదు. 2006 మేలో మరిది శ్యామ్‌సుందర్ కొడైకెనాల్ నుంచి బుట్టెడు పీచ్ పండ్లు తెచ్చాడు. ఇంట్లోకి కొత్తదేది వచ్చినా, మిక్సీ అయినా సరే, ఆవిడ కుంకుమబొట్టు పెట్టాల్సిందే. పండ్లకీ పెట్టింది. ఆ నూగులో పట్టుకున్న కుంకుమ తుడిచినా పోదు.

అప్పుడే టైఫాయిడ్ నుంచి లేచిన భర్త వరదరాజన్‌కి నోరంతా చేదు. పాపం, తియ్యటి పండొకటి తింటే చాలనుకున్నాడు.

“ఒగటి కోసియ్యి జయా. నోరు చచ్చిపోయుండాది.”

“ఏంది మీరు! ఇంత అందమైన పండ్లు మనమే తినేస్తే, రేపు యాడికన్నా ఉత్త చేతుల్తో పోయేదా?”

పండ్లు ఫ్రిజ్‌లోకి చేరాయి. తర్వాత సంచీలో గోరిమేడు వెళ్లి, ఆపరేషనైన గోవిందరాజన్‌ని పరామర్శించాయి. ఆయన భార్య వాటిని తన ఫ్రిజ్‌లో దాచి, పక్క వీధి సుగంధి సీమంతానికి పట్టుకెళ్లింది. సుగంధీ దాచింది. ఒక్కరైనా కోశారా? ఛ! అందరూ మర్యాదస్తులే.

అన్నాళ్లు చలిలో ఉన్న పీచ్ పండు పైకి ఎర్రగా నవ్వుతూనే ఉంటుంది. లోపలి గుజ్జు మాత్రం గోధుమరంగుకి తిరిగి, రసం లేక దూదైపోతుంది. నష్టమేమిటి? చొక్కా మీద రసం కారదు, చీమలు పట్టవు. షుగర్ పేషెంట్లకి ఇంతకన్నా పథ్యముందా?

జూన్‌లో వరదరాజన్‌కి జ్వరం తిరగబెట్టింది. జయమ్మాళ్‌కి వరసకి కోడలయ్యే సుగంధి సంచీతో చూడ్డానికొచ్చింది. ఈసారి ఆయన ఎవరినీ అడగలేదు. జయమ్మాళ్ కాఫీ కలిపేలోగా కత్తి తీసుకుని సంచీలోని పండొకటి కోసేశాడు. ఆత్రంగా కొరికి, నమిలి, మింగలేక చేతిలోకి ఉమ్మేశాడు. రెండో చేతిలో మిగిలిన ముక్క తిప్పి చూస్తే తొడిమ పక్కన కుంకుమబొట్టు!

“ఇది మనింటి పండే జయా. ఆ పొద్దు ఒగటి అడిగితిని గదా,” అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

జయమ్మాళ్ కాఫీ గ్లాసు పక్కన పెట్టి, కొంగుతో ఆ బొట్టు తుడవబోయింది. ఇప్పుడు చెప్పండి, ఇందులో ఫ్రిజ్ తప్పేముంది? ఇంటాయనకి పెట్టొద్దని అదెప్పుడైనా అందా?

సుగంధి మాత్రం సంచీ మూతి ముడేస్తూ అంది: “మిగిలినవన్నా ఫ్రిజ్‌లో పెట్టు అత్తా, బయటుంటే చెడిపోతాయి.”