సాముయేలు గునియాకు వచ్చిన పరీక్ష

శుక్రవారం పొద్దున జయరాజ్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. టిఫిన్ వేళ లోపల కొత్త కటింగ్ మిషన్‌ను సరిచేయాలి, మధ్యాహ్నానికి చెక్కలు కోయాలి, మర్నాటికి బిగించాలి. ఆదివారం మొయినాబాద్ చర్చిలో కొత్త పుల్పిట్ ప్రతిష్ఠ. పాస్టరు గారు నిలబడి వాక్యం చెప్పే ఆ పుల్పిట్‌ను చేసే పని తనకు దక్కిందని జయరాజ్ నెల రోజులుగా చేవెళ్లలో కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు. అంతమందికి చెప్పుకున్నాక అది కాస్త వంకరగా వస్తే, మళ్లీ ఆ బజారులో తలెత్తుకు తిరగడం కష్టం.

మిషన్ బల్ల మీద రంపపు చక్రం నిటారుగా నిలబడిందో లేదో చూడాలంటే నమ్మకమైన గునియా కావాలి. పుస్తకాల్లో దాన్ని మూలమట్టం అని రాస్తారు గానీ, చేవెళ్లలో చెక్కపని చేసేవాళ్లెవరూ ఆ మాట అనరు. కర్ర పిడికి అడ్డంగా ఉక్కు పట్టీ బిగించిన ఆ పనిముట్టు ఇంట్లో ఒక్కటే ఉంది. అది జయరాజ్ తండ్రి సాముయేలుది. ఆ పెద్దాయన చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా నలభై ఏళ్లు దర్వాజలు నిలబెట్టాడు. మోకాళ్లు మొరాయించాక పని మానేశాడు గానీ గునియాను వదల్లేదు. బైబిలు పక్కనే దానికీ చోటిచ్చి, వారానికోసారి నూనె గుడ్డతో తుడుస్తాడు.

"పైలంరా, కింద పడెయ్యకు," అని ఆయన దాన్ని కొడుకు చేతికిచ్చాడు.

జయరాజ్ దాంతో మిషన్ సరిచేసుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ ముందు రోజే అతను ఫోనులో ఒక వీడియో చూశాడు. చెక్క అంచుకు గునియా పిడి ఆనించి ఒక గీత గీయాలట. గునియాను తిరగేసి అదే చోట మరో గీత గీయాలట. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే గునియా మంచిది, విడిపోతే పనికిరానిది. మిషన్‌ను చందనవెల్లి గోదాము నుంచి తెచ్చినప్పుడు దాని పెట్టెకు కొట్టిన నున్నటి పలక ఒకటి మూలన ఉంది. కంపెనీ పలక కదా, సరిగ్గానే ఉంటుందని జయరాజ్ దాని మీద పరీక్ష పెట్టాడు. రెండు గీతలూ కింద కలిశాయి, పైన విడిపోయాయి.

"బాపూ, నీ గునియా వంకరున్నది," అన్నాడు.

చాయ్ తెస్తున్న అతని భార్య కృప గడప దగ్గరే ఆగిపోయింది. సాముయేలు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఎంత?"

"బియ్యపు గింజంత."

"అంటే నలభై ఏండ్లు నేను పెట్టిన దర్వాజలన్ని బియ్యపు గింజంత వంకరేనా?"

అక్కడ కాదనేసి ఉంటే సరిపోయేది. కానీ జయరాజ్ వీడియో చూసిన మనిషి. "బియ్యపు గింజ గునియా మీద బాపూ. దర్వాజ ఎత్తుకు పోతే ఇంకింత ఎక్కువుంటది," అని వివరంగా చెప్పాడు.

సాముయేలు లేచాడు. దారం ఉండ, ఎర్ర సుద్దముక్క జేబులో వేసుకుని, గునియా చంకలో పెట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని బయటికి నడిచాడు.

"మామ చాయ్ తాగకుంట పోయిండు," అంది కృప మొగుడి వైపు గుర్రుగా చూస్తూ. "నేనీ ఇంటికొచ్చి పదేండ్లాయె, మామ చాయ్ ఇడిసిపెట్టంగ చూడలే."

"జరసేపు ఏడనన్న కూసుండి వస్తడు. ఫికర్ చెయ్యకు," అన్నాడు జయరాజ్. పలకను చంకలో పెట్టుకుని తనూ బయల్దేరాడు. అతనికి కావలసింది కొత్త గునియా.

బస్టాండు దగ్గర ముకుందం హార్డ్‌వేర్ దుకాణంలో గునియాలకు కొదవ లేదు. జయరాజ్ మొదటిది తీసుకుని పలకకు ఆనించాడు, గీశాడు, తిరగేశాడు, గీశాడు. విడిపోయింది. రెండోదీ విడిపోయింది. పదోది వచ్చేసరికి పలక నిండా గీతలే.

"ఏందయ్యా జయరాజ్, గునియా కొంటానికొచ్చినవా, పిల్లను చూస్తానికొచ్చినవా?" అన్నాడు ముకుందం.

"జర ఆగు సేటు. మిషన్ పని ఇది, ఎట్లంటే అట్ల కొంటే ఎట్ల?"

పద్దెనిమిదోది కూడా చూశాక జయరాజ్ నడుం నిటారుగా చేసుకుని, దుకాణంలో అందరికీ వినపడేట్టు తీర్పు చెప్పాడు. "అన్ని వంకరే సేటు. ఒక్కటి గూడ సక్కగ లేదు."

టేపు కొనడానికి వచ్చిన ఇద్దరు టేపు కిందపెట్టి వెళ్లిపోయారు. ముకుందం మొహం మాడిపోయింది. అతను నోరు తెరిచే లోపల ఫోను మోగింది. అవతల భార్య సుమిత్రమ్మ. ఆమె గొంతు బల్లకు ఇటువైపు కూడా వినిపించింది.

"మన ఇల్లు పాయె! నేను తానం చేసి వచ్చేవరకు ఎవడో వచ్చి ఎర్రగ మార్కింగ్ చేసిపోయిండు. ముంగటి దర్వాజకు టిక్కు, వరండల సామాన్ల రూముకు ఇంటూ! జల్ది రా!"

ఊరి మీదుగా పోయే బీజాపూర్ రోడ్డు వెడల్పు చేస్తారన్న మాట ఏళ్లుగా వినీ వినీ ఉన్నవాళ్లకు, కూలగొట్టే ఇళ్లకు వేసే ఎర్ర రంగు గోడ మీద కనిపిస్తే గుండె జారిపోతుంది. ముకుందం దుకాణం వదిలి పరుగెత్తాడు. పలక పట్టుకుని జయరాజ్ కూడా వెంటపడ్డాడు.

వాళ్లు వెళ్లేసరికి ఇంటి ముందు వీధంతా పోగైంది. ఆ వరసలో మరో ఆరు దర్వాజలకు టిక్కులున్నాయి. ఎవరి ఇల్లు ఎన్ని అడుగులు పోతుందో అప్పుడే లెక్కలు కూడా కట్టేస్తున్నారు. జయరాజ్ దగ్గరికి వెళ్లి టిక్కును చూశాడు. దాని తోక చివర చిన్న కొక్కెంలా వంపు తిరిగింది. చిన్నప్పుడు తన లెక్కల నోటుబుక్కులో పడిన టిక్కులన్నీ ఇలాగే ఉండేవి.

"సేటు, ఇది మా బాపు టిక్కు," అన్నాడు జయరాజ్.

"మీ బాపు గవర్నమెంట్ల ఎప్పుడు చేరిండయ్యా?"

ముకుందం నోట గవర్నమెంటు మాట రావడమే తప్పయింది. ఎదురింటి గోపమ్మ గుంపును తోసుకుంటూ వచ్చింది. "సాముయేలన్ననా! మూల నుంచి మూలకు దారం పట్టి కొలుస్తుంటే, నా చూపు ఆనక ఎవరో ఆఫీసరనుకున్న. మనోడే గద! బిడ్డా జయరాజూ, మా ఇంటి గీత జర ఎన్కకు జరపమని మీ బాపుకు చెప్పరాదూ!"

"అవ్వా, అది సర్వే కాదు. మా బాపు ఊకెనే..."

"చూసిండ్రా, చెప్తలేడు. బయట చెప్పొద్దని పైనుంచి ఆర్డరున్నట్టున్నది," అని గోపమ్మ అందరికీ వివరించి, ఇంట్లోకి వెళ్లి ఒక నాటుకోడిని తెచ్చి జయరాజ్ చేతుల్లో పెట్టింది. అతను వద్దనే కొద్దీ అది చాలలేదేమోనని జనం అనుకున్నారు. ఒకాయన అరటిపళ్ల గెల తేవడానికి మనిషిని పంపాడు.

"ఇంతకు బాపు యాడున్నడు?" అని అరిచాడు జయరాజ్.

"మొయినాబాద్ ఆటో ఎక్కిండు."

ఆ తర్వాత బీజాపూర్ రోడ్డు మీద సాగిన ఊరేగింపు చూసినవాళ్లు ఇంకా చెప్పుకుంటారు. ముందు జయరాజ్ స్కూటరు. కాళ్ల దగ్గర సంచీలో కోడి. వెనక సీటులో పలకను కావలించుకుని ముకుందం. వాళ్ల వెనక దరఖాస్తు కాగితాలు పట్టుకున్న జనంతో మూడు ఆటోలు. చిల్కూరు గుడి నుంచి తిరిగొస్తున్న నాలుగో ఆటో ఒకటి, సంగతేమిటో తెలియకుండానే వెనక్కి తిరిగి వెంట చేరింది.

"ఈ పలక ఎందుకయ్యా నాకు?" అని గాలిలో అరిచాడు ముకుందం.

"సాక్ష్యం సేటు! ఇడిసిపెట్టకు!"

మొయినాబాద్ చర్చి మెట్ల మీద సాముయేలు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఒళ్లో గునియా, చేతిలో దారం ఉండ. ఎండకు మొహం కమిలిపోయింది. ఆ ముసలి మనిషిని అట్లా చూసేసరికి జయరాజ్‌కు పొద్దున తానన్న మాటలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి సిగ్గేసింది. వెనక వచ్చిన జనం కూడా ఎందుకో గేటు దగ్గరే ఆగారు.

"ముప్పై ఒక్క దర్వాజలు చూసిన," అన్నాడు సాముయేలు తల ఎత్తకుండా. "గునియా మీద నమ్మకం లేదన్నవు గద. దారం పట్టి చూసిన. ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు. రెండు సమానంగుంటే దర్వాజ సక్కగున్నట్టు. అన్ని సక్కగున్నయి. సక్కగున్నదానికల్ల టిక్కు పెట్టిన."

"మరిక్కడ కూసున్నవేంది బాపూ?"

"ఇదొక్కటి చూస్తానికి ధైర్యం వస్తలేదు." ఆయన వెనక ఉన్న చర్చి దర్వాజను చూపించాడు. "నా మొదటి దర్వాజ. ఇది నిలబెట్టిన వారానికే నా పెండ్లి. మీ అవ్వ దీని కిందనుంచే లోపటికొచ్చింది. ఇది వంకరని తెలిస్తే..."

నాలుగేళ్ల కిందట పోయిన జయరాజ్ తల్లి ధనమ్మ పేరు తీయకుండానే ఆమె వాళ్లిద్దరి మధ్యకూ వచ్చింది. జయరాజ్ కోడి సంచీని మెట్ల పక్కన పెట్టి, తండ్రి చేతిలోంచి దారం కొస అందుకున్నాడు.

"లే బాపూ. నువ్వు కింద పట్టు, నేను మీద పట్టుకుంట."

ఒక మూల నుంచి ఎదుటి మూలకు దారం లాగి ముడి వేశారు. తర్వాత రెండో జత మూలలకు పట్టారు. ముడి వచ్చి సరిగ్గా మూలలో కూర్చుంది. జయరాజ్ మళ్లీ కొలిచాడు. మూడోసారి కూడా కొలిచాడు గానీ, అది తండ్రి నవ్వుతున్నాడని మాత్రమే. సాముయేలు ఎర్ర సుద్ద తీసి, దర్వాజ పక్కన తోక వంపుతో పెద్ద టిక్కు పెట్టాడు.

"అయ్యో, చర్చి గూడ పాయె!" అని గేటు దగ్గర గోపమ్మ గుండెలు బాదుకుంది.

ఆమెకు సంగతి అర్థమయ్యేలా చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. అప్పటికి సాముయేలు, ముకుందం నోట దుకాణంలో జరిగిన గునియాల గోల విని, అతని చంకలోని పలకను గమనించాడు.

"దుకాణంల ఎన్ని గునియాలు చూసినవురా?"

"పద్దెన్మిది."

"ఎంతెంత వంకర?"

"అన్ని బియ్యపు గింజంతనే."

"అన్ని ఒక్క దిక్కుకేనా?"

"ఒక్క దిక్కుకే," అన్నాడు జయరాజ్. అంటూనే అతని మొహం మెల్లగా మారింది. ముకుందం మొహం అంతకన్నా ముందే వెలిగింది.

సాముయేలు పలకను కంటి ఎత్తుకు లేపి, ఒక కన్ను మూసి అంచు వెంట చూశాడు. "పద్దెన్మిదితోని నాది కలిపితే పందొమ్మిది. పందొమ్మిది గునియాలు ఒక్క తీరుగ వంకరుంటయారా? ప్యాకింగ్ పలక ఇది, అంచు ఎట్ల వంగిందో చూడు. గునియాను పరీక్ష చేసేటోడు ముందుగాల అంచుకు దారం పట్టి చూస్కోవాలె. గా వీడియోల ఈ ముచ్చట చెప్పలేదా?"

చెప్పాడు. కానీ వీడియోలో ఆ భాగం కాస్త నెమ్మదిగా ఉందని జయరాజ్ దాన్ని ముందుకు జరిపేశాడు. ఆ సంగతి మాత్రం అతను ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

దరఖాస్తులు జేబుల్లోకి వెళ్లిపోయాయి. గోపమ్మ మెట్ల దగ్గరికి వచ్చి, సంచీ విప్పి, తన కోడిని తాను తీసుకుపోయింది. ముకుందానికి మాత్రం ఒక అనుమానం మిగిలింది.

"సాముయేలన్నా, టిక్కుల సంగతి సమజైంది. మరి మా సామాన్ల రూముకు ఇంటూ ఎందుకేసినవ్?"

సాముయేలు గునియాను తువ్వాలు కొసతో తుడుచుకున్నాడు. "అది నేను నిలబెట్టింది కాదు సేటు."

అందరూ జయరాజ్ వైపు తిరిగారు. జయరాజ్ కోడి వెళ్లిన దిక్కు చూస్తూ నిలబడ్డాడు.

ఆ సాయంత్రం సాముయేలు తనే మిషన్ ముందు కూర్చుని, తన గునియాతోనే చక్రాన్ని నిటారుగా నిలిపాడు. కృప తెచ్చిన చాయ్ రెండు గ్లాసులు తాగాడు. ఆదివారం పుల్పిట్ ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబడింది. ప్రార్థన అయ్యాక పాస్టరు గారు జయరాజ్‌ను మెచ్చుకుంటే, అతను ముందు వరసలో కూర్చున్న తండ్రిని వేలెత్తి చూపించాడు. చేవెళ్లలో ఎర్ర టిక్కు ఉన్నవాళ్లెవరూ దాన్ని తుడవలేదు. అంతకు ముందే భయపడి తుడిచేసిన సుమిత్రమ్మ, సాముయేలు దగ్గరికి మనిషిని పంపి మళ్లీ పెట్టించుకుంది. ఇక ఆ ఇంటూ వేసిన సామాన్ల గది దర్వాజ సంగతి అంటారా, జయరాజ్ రేపే వచ్చి సరిచేస్తానన్నాడు. ఆ మాట అని నాలుగు నెలలైంది.