విశ్వవిద్యాలయముల వడపోత

వినుడు, చెవులు రిక్కించి వినుడు! శనివారమనెడి సెలవువాసరమున, మిట్టమధ్యాహ్నమునకు ఇంక ఇరువది నిమిషములున్న వేళ, మూడవ అంతస్తులోని రెండు గదుల ఇంటిలో, ఒక కాలు కురచయై అట్టముక్క ఆధారముగా నిలిచిన భోజనపు బల్లపై, ఒక ల్యాప్‌టాప్ తెరచియుండెను. దాని తెరమీద ఏడు దేశముల సేనలు, ముప్పదియొక్క విశ్వవిద్యాలయముల రసాయనశాస్త్ర డాక్టరేటు విభాగములు, ర్యాంకుల కిరీటములు ధరించి, గడువుతేదీల ఖడ్గములు ఝళిపించుచు, వరుసకొక్కటిగా బారులు తీరియుండెను. వాని యెదుట చల్లారిన కాఫీకప్పు ఒక చేతను, మౌసు మరియొక చేతను పట్టి, ఏకాకినియై కూర్చుండినది మన కథానాయిక.

ఎవరీ వీరాంగన? రంగుల కర్మాగారపు పరీక్షాశాలలో నాలుగేండ్లుగా కొలువున్న బ్యూరెట్టుధారిణి. గాజుకుప్పెలోని ద్రావణము ఏ చుక్కకు రంగు మారునో ఆ చుక్కను ఏనాడును దాటనీయని అచంచలదృష్టి. అందువలననే తోటివారు ఆమెను “చుక్క” అని పిలిచెదరు. కుప్పెలో ఎచట ఆపవలెనో అంత చక్కగా నెరిగిన ఆ చుక్కకు, ఈ జాబితాలో ఎచట ఆపవలెనో బొత్తిగా తెలియకుండెను.

యుద్ధమునకు కారణము ఉదయము వచ్చిన ఫోను. ఆమెకు ఎమ్మెస్సీలో పాఠములు చెప్పిన వృద్ధ గురువర్యుడు, సిఫారసు లేఖల ప్రదాత, ఇట్లు శాసించెను: “అమ్మాయ్, ఐదంటే ఐదు. అంతకంటే ఉత్తరాలు నావల్ల కాదు. ఏ ఐదో నాలుగింటికల్లా రాసి పంపు. నాలుగున్నరకి నా రైలు. మా తమ్ముడి ఊళ్ళో నెట్టూ లేదు, గిట్టూ లేదు.”

“మాస్టారూ, పోనీ ఏడు...”

“కూరగాయల బేరమా ఇది? ఐదు!”

ఆయన తిరిగి వచ్చునప్పటికి గడువులన్నియు గతించును.

చుక్క విజృంభించెను. మొదటి ర్యాంకుల పట్టికను ఆశ్రయించెను. అది ఒక విశ్వవిద్యాలయమును తొమ్మిదవదనెను. రెండవ పట్టిక దానినే నలుబదవదనెను. మూడవది అట్టిదొకటి భూమిమీద ఉన్నట్లే ఎరుగదు. పిదప అంతర్జాల సలహాదారుల సభామధ్యమున ప్రవేశించి, ఒకడు స్వర్గమన్నదానిని ఇంకొకడు చెరసాలయన, ఒకడు చలికి చత్తువన్నచోట మరొకడు ఈత కొట్టుచున్న ఫొటో పెట్టగా, తల దిమ్మెక్కి, ఘోరముగా పోరాడి, ఎట్టకేలకు ఒంటిగంటకు లెక్కించి చూచుకొనెను. శత్రువులు ముప్పదిముగ్గురైరి!

అంతలో తలుపు తెరచుకొని ఇంటిలో అడుగిడెను వదిన. ఆమె ఫిజియోథెరపిస్టు, బిగిసిన భుజములకు భయదాయిని, మొండి మోకాళ్ళకు మృత్యువు.

“ఏమే, పొద్దున నేను వెళ్ళేటప్పుడూ ఇదే కుర్చీ, ఇదే మొహం. తిన్నావా?”

“లేదు వదినా. యుద్ధంలో ఉన్నా.”

“ఎంతమంది పోయారు?”

“ఒక్కరూ పోలేదు. ఇద్దరు పెరిగారు.”

వదిన చెప్పులు విడుచుచు, “దానికింత హైరానా ఎందుకు? నిరుడు పంపినవాటికే మళ్ళీ పంపు. ఈసారి సీటు ఇస్తారేమో,” అనెను.

ఈ మాట బాణము వలె వచ్చి నాటెను. కవచములేవియు లేని చోటనే నాటెను. చుక్క మౌసు వదలి పలికెను.

“నిరుడు వాళ్ళు ఇవ్వకపోవడం కాదు వదినా. నేనసలు పంపలేదు. ఎంచుకుంటూ కూర్చున్నా, తేదీలన్నీ దాటిపోయాయి. మీకు చెప్పడానికి సిగ్గేసి, రాలేదన్నాను.”

వదిన రెండవ చెప్పు చేతనుండగనే నిలిచిపోయెను. “అంటే ఆరోజు నేను సెలవు పెట్టి, ముగ్గురు పేషెంట్లని వెనక్కి పంపి, నిన్ను ఓదార్చింది... ఎవరూ కాదనకుండానే ఏడ్చినందుకా?”

“ఏడుపు మాత్రం నిజమే వదినా.”

“అది తెలుస్తూనే ఉంది. నా చున్నీ తడిసింది.” ఆమె కుర్చీ లాగి ప్రక్కన కూర్చుండెను. “జరుగు. భుజం పట్టేసిందని ఎవరొచ్చినా నేను మొదట ఒకటే అడుగుతా, ఈ చెయ్యి బాగైతే దాంతో ఏం చేస్తావని. నువ్వు చెప్పు. అక్కడికెళ్ళి పొద్దున్నే లేచి ఏం చేద్దామని?”

“గోడకి తెల్లరంగు వేస్తాం కదా. రెండేళ్ళకి ఎండ తగిలే వైపు పసుపెక్కుతుంది. ఎంత ఎక్కిందో కొలిచి రాయడమే నా ఉద్యోగం. ఎందుకెక్కిందని అడిగితే అది మన పని కాదంటారు. నాకు అదే కావాలి వదినా. వెలుతురు తగిలినప్పుడు ఆ పొడుగాటి అణువు ఎక్కడ తెగుతోంది, తెగకుండా ఏం చెయ్యచ్చు... నాలుగేళ్ళుగా బుర్రలో అదే.”

“ఒక్క మాటకి కూడా తడుముకోలేదు చూశావా! సరే, ఆ పసుపు గొడవ పట్టించుకునేవాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో అదొక్కటే చూడు. కనీసం ఇద్దరున్న చోటు. ఒకాయన మానేస్తే నువ్వు దిక్కులేకుండా పోకూడదు.”

అంతట చుక్క లేచి, కళ్ళద్దములు తుడిచి, వెంట్రుకలు ముడిచి, ఒక్కొక్క విభాగపు ఆచార్యుల పుటలోనికి చొరబడి, కాంతి తగిలి చెడు పాలిమర్లను, అనగా ఆ పొడుగాటి అణువులను, పరిశోధించువారు లేనిచోట క్షణమైనను నిలువక, ర్యాంకును చూచి జంకక, భవనముల ఫొటోలకు భ్రమయక, డిలీట్ మీటయే గదగా వరుసవెంట వరుసను నేలగూల్చుచు సాగెను. మూడు గంటలకు ఎనిమిది మిగిలెను. అందొకటి, ఆమె పట్టా తమ దేశపు చదువుల లెక్కకు ఒక సంవత్సరము తక్కువ పడునని పంక్తులనడుమ సన్నని అక్షరములలో దాచుకొన్నది, కూలెను. ఇంకొకచోటి పరిశోధక విద్యార్థికి ఆమె వారము క్రిందట వ్రాసిన ఉత్తరమునకు సరిగా అప్పుడే జవాబు వచ్చెను: ఇక్కడివారిద్దరిలో ఒకరు పదవీవిరమణ చేయుచున్నారు, రెండవవారు కొత్తవారిని తీసుకొనుట లేదు, ముందే చెప్పుచున్నందుకు క్షమింపుము. అదియు కూలెను.

ఆరు. సమయము మూడుంబావు. ఆ ఆరింటిలో మొదటి వరుస, జగద్విఖ్యాతము, మేనమామకు తెలిసిన ఏకైక విశ్వవిద్యాలయ నామధేయము. అచట పసుపు గొడవ పట్టించుకొనువాడు ఒక్కడును లేడు. అయినను చుక్క దానిని ఇంతవరకు ముట్టలేదు. ఇప్పుడామె చేయి చాచి ఎలుగెత్తి పలికెను:

“ఓ ప్రథమస్థాన పీఠాధిష్ఠితమా! బంధుజన సమ్మోహన నామధేయమా! నీ పేరు చెప్పిన మా మామయ్య మీసము మెలివేయును. కాని నీ ప్రాంగణమున నా ప్రశ్నకు కూర్చొన పీటయైనను లేదు. పొమ్ము!”

“ఎవరితోనే ఆ మాటలు?” అని వంటింటినుండి వదిన కేక.

“పెద్ద పేరున్నదాన్ని తీసేస్తున్నా వదినా!”

“తియ్యి. మామయ్యకి నేను సర్దిచెప్తా. మీ అన్నయ్యకి నిరుటి సంగతి మాత్రం నువ్వే చెప్పుకో.”

మీట నొక్కెను. వరుస మాయమయ్యెను. ఐదు!

మూడు గంటల ఏబదిరెండు నిమిషములకు పంక్తికొక విశ్వవిద్యాలయము, దాని ప్రక్కనే అచట పసుపు గొడవ పట్టించుకొనువారి పేర్లుగా, ఐదు పంక్తుల ఈమెయిలు గురుసన్నిధికి బయలుదేరెను. నాలుగు నిమిషములలో మరలి వచ్చినది ఆయన జవాబు: “అందాయి. స్టేషన్లో కూర్చునే రాసేస్తా. పెద్ద పేరున్నది లేదేంటా అని ఐదు పంక్తులూ మళ్ళీ చదివా. ఇన్నేళ్ళలో ఎందుకు వెళ్తున్నావో తెలిసేలా జాబితా పంపింది నువ్వే, అమ్మాయ్.”

చుక్క దానిని మూడుసార్లు చదివి, నాలుగవసారి వదినకు వినిపించెను.

దుందుభులు మ్రోగుగాక! ప్రవేశము లభించెనా? లేదు. వీసా వచ్చెనా? లేదు. దరఖాస్తులో పేరు వ్రాయు గడియైనను ఇంకను పూరింపబడలేదు. కాని ముప్పదిముగ్గురిలో ఇరువదియెనమండుగురు నేలకొరిగిరి. ఒక ఎక్సెల్ పట్టిక, పుట దిగనవసరము లేకుండ, ఒక్క తెరలో ఇమిడెను. గడువునకు ఎనిమిది నిమిషములు ముందుగా!