డిప్పయ్య కుంట మీద గ్యాసు కరెంటు

ఒక పెద్ద అడవిలో (పేరెందుకు లెండి, అక్కడ ఇప్పటికీ కరెంటు లేదు) డిప్పయ్య అనే ముసలి తాబేలుకు ఒక కుంట ఉండేది. తాతల నాటి కుంట. అడుగు బురదలోంచి రోజంతా బుడగలు లేచేవి. అవి పొట్టకు తగులుతుంటే కళ్లు మూసుకుని పడుకోవడమే డిప్పయ్యకు ఈ లోకంలో ఉన్న ఒకే ఒక్క సుఖం.

ఆ అడవి పంచాయతీ అధ్యక్షుడు ఎలుగుబంటికి ఓనాడు గ్యాసుతో నడిచే కరెంటు ప్లాంటు కట్టాలని బుద్ధి పుట్టింది. సముద్రం అవతలి అడవి నుంచి భాగస్వామి కూడా దొరికాడు. గూడబాతు. ముక్కు కింద ఇంత పెద్ద సంచి. ఆ సంచి చూశాక గ్యాసు సంగతి ఎవరికీ అనుమానం రాలేదు. ఇక కావలసింది స్థలం. డిప్పయ్య కుంట పూడిస్తే సరిపోతుందని తీర్మానం చేసేశారు. పదిమంది మంచికి ఒక్కడి ఇల్లు పోతే ఏమైందని అందరూ అన్నారు, ఇల్లు పోనివాళ్లంతా.

డిప్పయ్య పాకుతూ పాకుతూ సభకు చేరేసరికి శాలువాలు కప్పడం కూడా అయిపోయింది. అయినా ఊరుకోలేదు.

"అధ్యక్షా, నా కొంప పోతే పోయింది. గ్యాసు ఎక్కణ్ణుంచి వస్తుందో ఆ బాతుగారిని ఒక్క మాట అడగండి" అన్నాడు.

సభంతా నాలిక కరుచుకుంది. ఇంటికొచ్చిన అతిథిని ఏం తెచ్చావని అడగడమా! ఆ అడవిలో అంతకన్నా తలవంపులు లేవు. కార్యదర్శి ముంగిస డిప్పయ్యను పక్కకు లాక్కెళ్లి, వయసొచ్చింది గానీ మర్యాద రాలేదని చీవాట్లు పెట్టింది. గూడబాతు అడవిలోనూ ఒక మర్యాద ఉంది, పాపం. విందుకు పిలిచినవాణ్ణి వంటింట్లో ఏముందని అడక్కూడదు. కాబట్టి అదీ అడగలేదు.

ఏడాది తిరిగేసరికి కుంట పూడింది, గొట్టాలు లేచాయి. డిప్పయ్య ప్లాంటు గేటు పక్కన ఎండిన మట్టిలో తల లోపలికి లాక్కుని కూర్చున్నాడు. ఏడవాలని ఉండేది. ఏడవాలన్నా ఒంట్లో కాస్త తడి ఉండాలి కదా.

ప్రారంభోత్సవం నాడు ఎలుగుబంటి రిబ్బను కత్తిరించి మీట నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాడు. అంతా గూడబాతు సంచి వైపు చూశారు. అది మొహమాటపడుతూ సంచి తెరిచింది. లోపల దారి బత్తెం, రెండు ఎండు చేపలు ఉన్నాయి.

"గ్యాసు మీదే కదండీ" అంది గూడబాతు. "మీ అడవిలో బుడగల కుంట ఉందని, దాని అడుగంతా గ్యాసేనని విని ఇంత దూరం వచ్చాం. ఇంతకీ అదెక్కడ?"

డిప్పయ్య మెల్లగా తల బయటపెట్టాడు.

"తమరు దాని మీదే నిలబడ్డారు బాబూ. కాళ్ల కింద పది అడుగుల కాంక్రీటు, దాని కింద నా ఇల్లు."

గూడబాతు చేపలు సర్దుకుని ఎగిరిపోయింది. వారం తిరక్కుండా పంచాయతీ కూర్చుని తప్పెవరిదో తేల్చింది. గ్యాసు మీదే కాపురం ఉంటూ ఆ ముక్క చెప్పనందుకు, పైగా అతిథి ఎదుట అడవి పరువు తీసినందుకు డిప్పయ్యను వెలివేశారు. ఎలుగుబంటికి ఇంకో శాలువా కప్పారు. పూడ్చిన కుంట తవ్వడానికి ఇప్పుడు వేరే దేశం భాగస్వామిని వెతుకుతున్నారట.

నీతి: వచ్చినవాణ్ణి ఏం తెచ్చావని అడగరాదు; పోగొట్టుకున్నవాణ్ణి ఏం పోయిందని అసలే అడగరాదు.