నోరుకట్టు మొక్కు

తిరువళ్ళూరులో ఎవరినైనా ఆపి పచ్చయ్యప్ప ఇల్లు ఎక్కడని అడిగితే, ఏ పచ్చయ్యప్ప అని తిరిగి మనల్నే అడుగుతారు. మాస్కు పచ్చయ్యప్ప అంటే మాత్రం చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గుమ్మం ముందర నిలబెట్టి పోతారు. ఊరు ఊరంతా మాస్కులు తీసి పారేసి ఏళ్ళు గడిచినా, పొద్దున్నే ఆవడిలో ఫ్యాక్టరీకి ఎలక్ట్రిక్ రైలెక్కే ఈ మహానుభావుడు మాత్రం మూతికి ముసుగు లేకుండా ఎక్కడు. ఆ ముసుగు వెనకాల ఉన్నది ఊరికే ఉండే మూతి కాదు. ఎప్పుడూ ఎవరినో ఒకరిని కడిగేస్తూ ఉంటుంది.

ఒక వారం టీవీలో మళ్ళీ కరోనా కేసులు లేస్తున్నాయని, ఇంకో వేవ్ రావచ్చని చెప్పడం మొదలుపెట్టారు. పచ్చయ్యప్పకి భయం కంటే ముందు కోపం వచ్చింది. టీకొట్టు దగ్గర జనం పేపరు చూసి "మళ్ళీ వస్తా ఉండాదంట" అని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఆ చెప్పుకోవడంలోనే ఒకరి మొహం మీద ఇంకొకరు తుమ్ముతారు. అప్పట్లో పోలీసు లాఠీ చూసి మాస్కు తగిలించుకున్నవాళ్ళే ఇప్పుడు ఆయన్ని చూసి, ఒంట్లో బాగలేదా అన్నా అని పరామర్శించి దూరం జరుగుతారు. అంటే వేసుకోనివాళ్ళందరూ ఉక్కుముక్కలు, వేసుకున్నవాడు రోగి. ఇదెక్కడి న్యాయం అని ఆయన ఇంటికొచ్చి పెళ్ళాం కస్తూరమ్మ మీద కేకలేసేవాడు.

కస్తూరమ్మ కేకలకి బెదిరే మనిషి కాదు. ఆయన పెట్టెలకి పెట్టెలు కొన్న మాస్కుల్ని ఆమె చక్కగా వాడుకుంటోంది. ఒకదానితో ఫ్యాను తుడుస్తుంది, ఒకదాన్ని కుళాయి మూతికి కడుతుంది. వాటి సాగే దారాలు అప్పడాల పొట్లాలకి పనికొస్తాయి.

"ఏంటికే నా మాస్కుతో కాకరతీగ కట్టినావు?" అని ఆయన ఒకరోజు నిలదీశాడు.

"నువ్వు కట్టుకుంటే ఊరు నవ్వతా ఉండాది. తీగ కట్టుకుంటే ఎవురూ నవ్వరు" అని ఆమె చెంబు తీసుకుని లోపలికి పోయింది.

అయితే ఆయన కోపం ఉత్త కోపం కాదు. దాని వెనకాల ఒక బిడ్డ ఉంది. తిరుత్తణిలో కాపరమున్న చెల్లెలు కన్నియమ్మకి పెళ్ళయిన చాలా కాలానికి, ఇక లేదనుకున్నాక, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ వైష్ణవి. పుట్టగానే అద్దాల పెట్టెలో పెట్టారు. ఆ పెట్టె బయట నిలబడి, ఆ చిన్న ఎద లేస్తుందా పడుతుందా అని చూస్తూ పచ్చయ్యప్ప చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బిడ్డ బతికింది కానీ ఊపిరితిత్తులు గట్టిపడలేదు. ఎవరికి జలుబు చేసినా అది వైష్ణవికి అంటుకుంటుంది, రోజుల తరబడి ఆవిరి మెషీను పెట్టుకుని కూర్చోవాలి.

ఇప్పుడా బిడ్డకి తిరుత్తణి కొండ మీద పుట్టెంట్రుకలు తీయించి చెవులు కుట్టించే రోజు దగ్గరపడింది. వాళ్ళలో మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే తప్ప చెవి కుట్టరు. ఆ ఒడి తనదేనని పచ్చయ్యప్ప పొంగిపోయాడు. కానీ బంధువులంతా వస్తారు, అందరూ బిడ్డని ఎత్తుకుంటారు, ముద్దులు పెడతారు. తలుచుకుంటేనే ఆయనకి ఒళ్ళు మండింది. బిడ్డ దగ్గరికొచ్చేవాళ్ళు మాస్కు వేసుకోవాలని కన్నియమ్మ మామగారు మునుస్వామికి ఫోన్ చేసి బతిమాలాడు. మునుస్వామి గొప్ప మురుగ భక్తుడు. సామి ఎదుట మూతికి గుడ్డేంటప్పా, ఆయన ఉండగా ఏ రోగమొస్తాదని నవ్వి ఫోను పెట్టేశాడు.

మంచిగా చెబితే వినరని పచ్చయ్యప్ప ఒక ఎత్తు వేశాడు. స్నానాలగదిలో దూరి తలుపేసుకుని, మాస్కు మీద జేబురుమాలు కట్టి, గొంతు మార్చి, ఆఫీసరు తమిళంలో ఒక వాయిస్ రికార్డు చేశాడు. పొదుమక్కళ్ గవనత్తిర్కు, అంటే ప్రజలకు గమనిక, అని మొదలుపెట్టి, వేవ్ వచ్చేసిందనీ, మాస్కు లేనివాళ్ళని కొండెక్కనివ్వరనీ ప్రజలను గట్టిగా హెచ్చరించాడు. దాన్ని భార్య ఫోనుకి పంపి, అక్కణ్ణుంచి తన ఫోనుకి తెచ్చుకుని, ఎక్కడినుంచో వచ్చినట్టుగా బంధువుల గ్రూపులో వదిలాడు.

కస్తూరమ్మ విని, తలకాయ వెనక్కి వాల్చి ఇంకోసారి వింది.

"ఆఫీసరు మాట్లాడతా ఉంటే యెనకాల మన కుక్కరు ఏంటికి కూసింది?"

"గమ్మునుండు. ఎవురికీ తెలీదు."

"నీళ్ళు కట్టెయ్యయ్యా అని నేను అరిచింది గూడా వినపడతా ఉండాది."

సాయంత్రానికి ఆ వాయిస్ వెంగల్ చుట్టాల దగ్గర్నుంచి అరక్కోణం దాకా తిరిగింది. అందరూ గొంతు గుర్తుపట్టారు, కానీ ఎత్తుని పట్టలేదు. పచ్చయ్యప్పకి గొంతు పూడుకుపోయిందన్నారు. ముక్కుతో మాట్లాడుతున్నాడన్నారు. ఊరికే అన్నేళ్ళు మాస్కు వేసుకుంటాడా ఎవడైనా, లోపల రోగముండబట్టే కదా అని ఒకరంటే, అవునవునని నలుగురన్నారు. ఆ మాట తిరుత్తణి చేరేసరికి ఆయన మంచం పట్టేశాడు, వేవ్ తిరువళ్ళూరులో ఆయన ఇంట్లోనే దిగింది.

మర్నాడు పొద్దున్నే మునుస్వామి ఫోన్ చేశాడు. రావొద్దని అనలేదు, రమ్మన్నాడు, దూరంగా కూర్చుని భోంచేసి పొమ్మన్నాడు. బిడ్డ దగ్గరికి మాత్రం రావొద్దు, ఒళ్ళో కూర్చోబెట్టుకునేదానికి చిన్నమ్మ కొడుకు దండపాణి ఉన్నాడు, అతనూ కన్నియమ్మకి అన్నే కదా అన్నాడు.

పచ్చయ్యప్ప ఫోను పెట్టేశాడు. దండపాణి అంటే దగ్గు దండపాణి. బీడీ మీద బీడీ కాల్చి కాల్చి, దగ్గితే పక్కింటి గిన్నెలు కదిలేంత దగ్గు సంపాదించినవాడు. కరోనా కాలమంతా ఒక్క మాస్కు కొనలేదని ఇప్పటికీ పెళ్ళిపందిళ్ళలో చెప్పుకు తిరిగేవాడు. వాడి ఒళ్ళోనా ఆ బిడ్డ?

"దగ్గు లేనోణ్ణి బయట కూర్చోమంటారు, దగ్గేవాడికి పీటేస్తారు. చూసినావా ఈ లోకం?" అన్నాడు. ఆ మాటలో అరుపు లేదు.

ముహూర్తం రోజు ఇద్దరూ రైలెక్కారు. కాలు పెట్టే చోటు లేదు. ఆయన రెండు మాస్కులు ఒకదానిమీద ఒకటి వేసుకుని కూర్చోబోతే పక్కవాడు లేచాడు, ఎదురుగా ఉన్న ఆవిడ పిల్లల్ని లాక్కుని పెట్టె ఆ చివరికి పోయింది. కస్తూరమ్మ కిటికీ పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుని, ఇన్నేళ్ళ కాపరంలో నీవల్ల ఇంత సుఖం ఎన్నడూ పడలేదయ్యా అని మెచ్చుకుంది.

సుబ్రహ్మణ్యస్వామి కోపం చల్లారిన కొండ కాబట్టి దానికి తిరుత్తణి అని పేరొచ్చిందని చెబుతారు. పచ్చయ్యప్ప కోపం అక్కడే రాజుకుంది. మంటపంలో జనం జాతరలా ఉన్నారు. వైష్ణవికి గుండు చేసి గంధం పూశారు. ఆ గుండుని తాకని చెయ్యి లేదు, ఆ బుగ్గ మీద పెట్టని మూతి లేదు. నడిమధ్య పీట మీద దండపాణి పట్టుపంచె కట్టుకుని, మెడలో మాల వేసుకుని, కొండకి తానే ధర్మకర్త అన్నట్టు కూర్చున్నాడు. చెవులు కుట్టే ఆచారి బంగారు తీగ సిద్ధం చేసుకుంటున్నాడు.

పచ్చయ్యప్ప ముందుకు నడిచాడు. జనం దారిచ్చారు, గౌరవంతో కాదు, భయంతో. మునుస్వామి మాత్రం రెండు చేతులూ చాపి ఆపాడు, అక్కడే ఉండప్పా అన్నాడు. నాకేమీ లేదు మామా అని పచ్చయ్యప్ప అరిచాడు. అరిచేకొద్దీ జనం వెనక్కి జరిగారు. అప్పుడే దండపాణి ఖళ్ళుమని దగ్గాడు. ఒక్కరూ కదల్లేదు, పైగా ఒకావిడ పాపం నీళ్ళు తాగు నాయనా అని చెంబు అందించింది.

కన్నియమ్మ బిడ్డని చంకలో వేసుకుని ఏడుస్తూ ఎదురొచ్చింది.

"అన్నా, నీ ఒళ్ళో కుట్టించాలనే నాకూ ఉండాది. ఆ మాస్కు ఒక్కసారి తీసి అందరికీ మొహం చూపించన్నా. తీసి వచ్చి కూర్చో."

మంటపమంతా ఆయన చేతులకేసి చూసింది. ఆ చేతులు చెవుల దాకా పోయాయి. పీట అక్కడే ఉంది, తీస్తే చాలు. ఆయన బిడ్డ వంక చూశాడు. అప్పటికే దాని ముక్కు కారుతోంది.

"తియ్యను. నేను గూడా ఆ రైల్లోనే వచ్చినా, నాకు మాత్రం ఏం పట్టుకోనుండాదో ఎవురికి తెలుసు? రేపు ఆ బిడ్డకేమన్నా అయితే నేనెట్ల బతికేది? నా ఒళ్ళో కూర్చోకపోయినా పరవాలేదు. వాడు మాత్రం బిడ్డ మొహం మీద దగ్గకూడదు" అన్నాడు. గొంతు వణికింది. చుట్టూ ఉన్నవాళ్ళు గొంతు చూడు, నిజంగానే పోయింది అనుకున్నారు.

అప్పటిదాకా కస్తూరమ్మ ఒక పక్కన కూర్చుని మేనమామ తెచ్చిన పళ్ళేలు సర్దుతోంది. లేచి, ఆ పళ్ళెంలోని కొత్త తువ్వాలు తీసి, హారతికి కలిపి పెట్టిన పసుపునీళ్ళలో ముంచి పిండింది. మొగుడు ఇంకా ఏదో అరవబోతుండగానే ఆ పసుపుపచ్చని తువ్వాలుని మాస్కు మీదుగా చుట్టి, తల వెనకాల రెండు ముళ్ళు వేసింది.

ఆమె మునుస్వామి ముందర చేతులు కట్టుకుని నిలబడింది.

"మామా, మీ దగ్గిర దాచిపెట్టినాను. ఈయనకి రోగమూ లేదు రొచ్చూ లేదు. బిడ్డ అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు మురుగుడికి నోరుకట్టు మొక్కుకున్నాడు."

పొంగలి వండేవాళ్ళూ, పాలకుండ ఎత్తేవాళ్ళూ సామి నైవేద్యం మీద ఊపిరి పడకూడదని పసుపుగుడ్డతో నోరు కట్టుకోవడం అక్కడ అందరికీ తెలిసిందే. మునుస్వామి మొహం మారిపోయింది. మా అవ్వ గూడా కట్టేది అన్నాడు. వెంటనే ఒక అనుమానం వచ్చి, మొక్కులో ఉన్నవాడు మాట్లాడకూడదే, ఇంతసేపూ అరిచినాడే అన్నాడు.

"అందుకే కదా మామా కట్టేసింది" అంది కస్తూరమ్మ.

అంతే. మునుస్వామి కళ్ళకద్దుకున్నంత పని చేశాడు. దండపాణిని లెమ్మన్నాడు, వాడి మెడలో మాల తీసి పచ్చయ్యప్ప మెడలో వేశాడు. కస్తూరమ్మ అక్కడితో ఆగలేదు. బిడ్డ ఈ పొద్దు సామికిచ్చే నైవేద్యం లాంటిది కాబట్టి, దాన్ని తాకేవాళ్ళందరూ నోరు కట్టుకుంటేనే మొక్కు చెల్లుతుందని కూడా చెప్పింది. చెప్పడమే ఆలస్యం, తువ్వాళ్ళు చిరిగాయి, పైటచెంగులు పసుపులో మునిగాయి, ఎవరో కింద అంగడికి పరుగెత్తి పచ్చగుడ్డ తాను మోసుకొచ్చారు. ఆచారి కూడా కట్టుకున్నాడు. చూస్తుండగానే మంటపంలో ఒక్క మూతి కనబడలేదు.

పచ్చయ్యప్ప పీట మీద కూర్చున్నాడు. గంధపు గుండుతో వైష్ణవి వచ్చి ఒళ్ళో పడింది. చెవి కుట్టగానే కేరుమని ఏడ్చి, మామ తువ్వాలు పట్టుకుని వేలాడింది. ఆయన గుండె నిండిపోయింది. దాంతోపాటే కడుపు మండిపోయింది. ఇన్నేళ్ళుగా తను మొత్తుకున్నది ఇదే కదా. నీలం గుడ్డయితే రోగం, పచ్చ గుడ్డయితే భక్తా? ఈ జనానికి బుద్ధుందా అని అడగడానికి ఆయన నోరు తెరిచాడు.

మునుస్వామి చప్పున ఆయన భుజం నొక్కాడు. మొక్కు చెడితే బిడ్డకి మంచిది కాదప్పా అన్నాడు. పచ్చయ్యప్ప ఒళ్ళో బిడ్డని చూశాడు. తెరిచిన నోరు మూసుకున్నాడు.

మొక్కు ఎన్నాళ్ళమ్మా అని మునుస్వామి కస్తూరమ్మని అడిగాడు. ఈ పొద్దుకేనని చెప్పమని పచ్చయ్యప్ప కళ్ళతోనే ఆమెని బతిమాలాడు. ఆమె తమలపాకులు తుడుస్తూ ఆయన వైపు తిరగనైనా లేదు.

"ఒక మండలం మామా, నలభై ఎనిమిది దినాలు. ఫ్యాక్టరీలో గూడా అంతే, ఇంట్లో గూడా అంతే. తిండికి మాత్రం ఇప్పుకోవచ్చునంట, గమ్మున తినేసి మళ్ళీ కట్టుకోవాల."

భోజనాలయ్యాక బంధువులందరూ వరసగా వచ్చి ఆయనకి దండం పెట్టి పోతున్నారు. చివర్న దండపాణి వచ్చాడు. కళ్ళ కింది దాకా పచ్చగుడ్డ బిగించుకుని, ఆయన్ని ఎగాదిగా చూసి, తల అడ్డంగా ఆడించాడు.

"అన్నా, పచ్చగుడ్డ ముక్కు కిందికి జారిపోయుండాది. మూతి ఒకటే కట్టుకుంటే ఊపిరి బిడ్డమీద పడదా? తెలీకపోతే తెలిసినోళ్ళని అడగాల."

చుట్టూ ఉన్నవాళ్ళు నిజమే నిజమే అన్నారు. పచ్చయ్యప్ప మొహం ఎర్రగా కందిపోయింది. ఆయన పెళ్ళాం వంక చూశాడు.

"ఆ అబ్బోడు చెప్పేది సరే కదయ్యా, పైకి లాక్కో" అంది కస్తూరమ్మ.

పచ్చయ్యప్ప పైకి లాక్కున్నాడు.