దుప్పికి వచ్చిన సంబంధం

అడవిలో గిట్టుబాటు కాక దుప్పులన్నీ గెడ్డవలస పట్టణానికి వచ్చి అద్దె ఇళ్ళలో కాపురం పెట్టాక, వేటశాఖ వారు కొత్త వేటగాళ్ళకు మొదట్లోనే తుపాకీ ఇవ్వడం మానేసి, ఒక జత రబ్బరు చెప్పులు ఇవ్వడం మొదలుపెట్టారు. చెప్పులు తిరగడానికి. దుప్పి ఏ వీధిలో ఉంటోంది, నీళ్ళకు ఎప్పుడు వెళుతుంది, మధ్యాహ్నం ఏ నీడన పడుకుంటుంది, అసలు వేటకు పనికొస్తుందా లేదా అన్నది ముందు ఆరా తీయాలి. ఆరా కుదిరితే ఉద్యోగం ఖాయమవుతుంది, తుపాకీ వస్తుంది. కుదరకపోతే చెప్పులు వెనక్కిచ్చి ఇంటికి పోవాలి.

గౌరునాయుడు అలా కొత్తగా చేరినవాడు. డిగ్రీ చదివి చాలాకాలం ఖాళీగా కూర్చుని, కూర్చున్నందుకు ఇంట్లో పూటపూటా మాటలు పడి, చివరికి వేటశాఖ పరీక్ష రాసి గట్టెక్కాడు. చీమను చంపాలన్నా అతనికి చేతులు రావు. పరీక్షలో ఆ ప్రశ్న లేదు.

పై అధికారి కామేశం గారు ఈ పనిలో పాతకాపు. "గాలి ఎప్పుడూ నీ మొహానికి కొట్టాలయ్యా, వీపుకి కాదు. వాసన సబ్బు మానెయ్. కళ్ళతో చూడు, ఎవర్నీ అడక్కు," అని చెప్పి పంపారు. దానితోపాటు శాఖ వారి దయ గురించి కూడా గుర్తుచేశారు. కుంటివాటినీ, చూలుతో ఉన్నవాటినీ, పిల్లకు పాలిచ్చేవాటినీ వేటాడకూడదు. తమను ఎవరైనా కసాయివాళ్ళు అనుకుంటారేమోనని శాఖ వారు ఈ నిబంధనను ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించుకున్నారు.

గౌరునాయుడు చాలా వీధులు తిరిగాడు. ఒక వీధిలో ముగ్గుల మీద గిట్టల గుర్తులు కనిపించాయి. ఒక గేటుకు గోధుమరంగు బొచ్చు అంటుకుని ఉంది. లోపలి మందార చెట్టుకు మూతి అందినంత ఎత్తు దాకా ఆకు లేదు. అది పైడమ్మ గారి ఇల్లు. వెనకవాటాలో సింహాచలం అనే ఆడదుప్పి ఒంటరిగా అద్దెకుంటోంది. పేరులో సింహం ఉన్నా ఆమెను చూసి వీధిలో పిల్లి కూడా బెదిరేది కాదు. గుర్తుల్లో మూడు గిట్టలు లోతుగా, ఒకటి తేలిగ్గా పడి ఉండటం గౌరునాయుడు చూశాడు. కొత్తవాడు కనుక ఎందుకో తెలుసుకోలేదు.

అక్కడితో ఆగాల్సింది. ఆగలేక అడిగాడు. మన వీధుల్లో ఒక కుర్రవాడు చేతులు కట్టుకుని నిలబడి, ఒంటరిగా ఉంటున్న ఆడమనిషి గురించి, ఆమె ఎప్పుడు బయటికొస్తుంది, ఎవరితో తిరుగుతుంది, ఒంట్లో ఎలా ఉంటుంది అని అడిగితే దానికి ఒకటే అర్థం. ఎవరో పెళ్ళికొడుకు తరఫున సంబంధం కోసం వాకబు. అతని చొక్కా జేబు మీద తుపాకీ బొమ్మతో వేటశాఖ వారి బిళ్ళ ఉంది. అతను దాన్ని దాచలేదు. అందరూ చూశారు కూడా.

"గవర్మెంటోడు, నమ్మకవైనోడు," అని పైడమ్మ ఇరుగుపొరుగుకు చెప్పి, అతనికి కుర్చీ వేసింది. "కుర్రోడు ఏటి సేత్తాడు బావూ? గవర్మెంటు అడవా, పైవేటు అడవా?"

వీళ్ళు దీన్ని సంబంధం అనుకుంటున్నారని గౌరునాయుడికి అప్పుడర్థమైంది. "గవర్నమెంటేనండి," అన్నాడు.

వీధంతా సంతోషించింది. సంతోషంతోపాటు భయమూ పట్టుకుంది, ఎందుకంటే సింహాచలానికి ఎడమ ముందుకాలు కుంటు. ఎప్పుడో ఆటో తగిలింది. ఆమె రోజూ మెడకు బిందె తగిలించుకుని కుంటుకుంటూ కుళాయి దగ్గరికి రావడం ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. ఆ వీధివాళ్ళకు ఒక్క అబద్ధమే సరిపోయింది, దాన్నే అందరూ పంచుకున్నారు. ఇస్త్రీ బండివాడు ఆమె గెంతితే ప్రహరీగోడ దాటుతుందన్నాడు. పాలామె ఆ ఒంటికి జలుబైనా ఎరగదంది. గౌరునాయుడు నిలబడి ఉన్నంతసేపూ ఆమె బిందెను వంతులవారీగా ఎవరో ఒకరు నింపి తెచ్చిపెట్టారు. తమ ఇంటి పిల్లకైతే ఇంత చేసేవాళ్ళు కారేమో.

ఆదివారం నాడు చూపులు. ఉప్మా, అరటికాయ బజ్జీలు పెట్టారు. సింహాచలం మొహానికి పౌడరు రాసుకుని, చెవుల పక్కన కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. "ఓపాలి నడిసి సూపించమ్మా," అంది పైడమ్మ, ఏమీ ఎరగనట్టు. సింహాచలం వంటింటి గుమ్మం నుంచి వసారా దాకా నడిచింది. కుంటలేదు. వీధంతా కిటికీల దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడింది. ఆమె మూతి మీద చెమట పట్టడం, నిలబడ్డాక ఎడమకాలు వణుకుతూ ఉండటం గౌరునాయుడు చూశాడు.

కుంటి దుప్పి. అంటే బతికిపోయింది. అతనికి నిజంగానే ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే, వేటకాలం ముగింపుకొచ్చిందని, ఇంకో దుప్పిని వెతికే వ్యవధి లేదని, చెప్పులు వెనక్కిచ్చి ఇంటికెళితే నాన్న ఏమంటాడోనని గుండె జారింది. రెండూ ఒకేసారి అనిపించినందుకు సిగ్గేసింది.

బయల్దేరబోతుంటే సింహాచలం అతన్ని పక్కకు పిలిచింది.

"బావూ, ఓ మాట. నా కాలు కుంటు. ఆళ్ళు పేమకొద్దీ దాసినారు. అబద్దం మీద కాపరం సెయ్యడం నా వల్ల కాదు. మీవోళ్ళకి సెప్పెయ్యి. ఒద్దంటే ఒద్దంటారు, నాకేటి కొత్త కాదు."

ఆ మాటను తీసుకెళ్ళి ఆఫీసులో చెబితే చాలు. శాఖ వారి దయ ప్రకారం సింహాచలం కుళాయి నీళ్ళు తాగుతూ, పైడమ్మ గారి మందారాలు మేస్తూ ముసలిదై పోవచ్చు. గౌరునాయుడు చేయాల్సిందల్లా సరేనని తలూపడం.

"పర్లేదండి," అన్నాడు. "మావాళ్ళు అలాంటివి పట్టించుకోరు."

సింహాచలం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నిజవేనా బావూ?" అంది. నిజమేనన్నాడు. ఆమె గేటు దాకా వచ్చి సాగనంపింది. ఈసారి దాచుకోకుండా, హాయిగా కుంటుకుంటూ వచ్చింది. గౌరునాయుడికి తల కొట్టేసినట్టయింది. వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

ఆఫీసులో కామేశం గారు ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు. బాగుందన్నాడు. ఎవరు చెప్పారన్నారు. వీధంతా చెప్పిందన్నాడు. అడగొద్దన్నా అడిగినందుకు ఆయన మందలించి, పని అయినందుకు మెచ్చుకున్నారు.

పెళ్ళి మగపెళ్ళివారి అడవిలోనే అనుకుని, సాగనంపే రోజున వీధివాళ్ళు సింహాచలం నుదుట పసుపు కుంకుమ పెట్టి, ఒళ్ళో చలిమిడి కట్టి, శాఖ వారి జీపు ఎక్కించారు. పైడమ్మ కళ్ళు వాచిపోయేలా ఏడ్చింది. గౌరునాయుడికి ఆ ఉదయమే తుపాకీ ఇచ్చారు. ఇలాంటి విషయాల్లో ఆఫీసు ఆలస్యం చేయదు. అడవి అంచున జీపు దిగి సింహాచలం నాలుగడుగులు వేయగానే కామేశం గారు కనుబొమ్మలు ముడిచారు.

"కుంటుతోందేమిటయ్యా?"

"కొత్త చోటు కదండీ," అన్నాడు గౌరునాయుడు.

కామేశం గారు మరి అడగలేదు. ఏది అడగకూడదో తెలిసినందుకే ఆయన అంత పైకి వచ్చారు.

సింహాచలం చుట్టూ చూసి, "మీవోళ్ళేరీ బావూ?" అంది.

"వస్తారండి. మీరు ముందు నడవండి," అన్నాడు. గాలి అతని మొహానికే కొడుతోంది.

మొదటి వేట తర్వాత కొత్తవాళ్ళకు సిగ్గుపడటానికి ఒక పూట సెలవు ఇస్తారు. వాడుకోకపోతే మరుసటి ఏడాదికి జమకాదు. చాలామంది దాన్ని సినిమాకు వాడుకుంటారు. గౌరునాయుడు ఇంట్లోనే సిగ్గుపడదామనుకున్నాడు గానీ, ఉద్యోగం ఖాయమైందని అమ్మ వచ్చినవాళ్ళకల్లా లడ్డూలు పంచుతుంటే, నాన్న చాలా ఏళ్ళకు భుజం మీద చెయ్యి వేస్తే, అక్కడ వీలుపడలేదు. నిజం చెప్పేద్దామని పైడమ్మ గారి వీధికి వెళ్ళాడు. తేలుకుట్టిన దొంగలా గేటు దగ్గర నిలబడ్డాడు.

పైడమ్మ ఎదురొచ్చి కూర్చోబెట్టింది. ఇస్త్రీ బండివాడు, పాలామె, మిగతావాళ్ళంతా మూగారు. ఎవరి మొహంలోనూ నెత్తురుచుక్క లేదు. వాళ్ళకు తెలిసిపోయిందనుకుని గౌరునాయుడు తల వంచుకున్నాడు.

"ఆళ్ళేటైనా అన్నారా బావూ, కాలు గురించి?" అంది పైడమ్మ.

"లేదండీ."

"తిప్పి పంపించెయ్యరు కదా?"

"పంపరండీ," అన్నాడు.

వీధంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. పైడమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "అదీ సాలు బావూ. ఆడకూతురు తిరిగొచ్చెత్తాదేమోనని మాకు నిద్ర నేదు."

ఎలా ఉందని ఎవరూ అడగలేదు. అడిగితే గౌరునాయుడు చెప్పేసేవాడు, చెప్పడానికే వచ్చాడు. పాలామె కళ్ళు తుడుచుకుని పనికి వెళ్ళిపోయింది, మిగతావాళ్ళూ వెళ్ళిపోయారు. పైడమ్మ లోపలికెళ్ళి కాఫీ కలిపి తెచ్చింది. అతను తాగాడు.