అత్తగారి మోకాళ్ళు

లిఫ్టు మెకానిక్ చేతికందిన విదేశీ ఉద్యోగం జారిపోయిందంటే అందుకు కారణం ఒక్కడే, గ్యారంటీ. అది అతని బావమరిదికి అమ్మానాన్నా పెట్టిన పేరు కాదు. ఏ పని చెప్పినా "గ్యారంటీ నాది బావా" అంటాడు కాబట్టి ఇంటా బయటా అదే స్థిరపడిపోయింది. గ్యారంటీ ఆరోగ్య బీమా పాలసీలు అమ్ముతాడు. సొంత బావ విదేశం వెళుతుంటే బయటివాడి దగ్గర పాలసీ తీసుకోవడమా? తల కొట్టేసినట్టుండదూ?

విదేశంలోని కంపెనీ పెట్టిన షరతు చిన్నదే. సొంతంగా బీమా చేయించుకుని ఆ కాగితం పంపితే టికెట్టు పంపుతామన్నారు. ఇరవై ఏళ్ళుగా జనాన్ని పైకి తీసుకెళ్ళడమే గాని తాను పైకొచ్చింది లేని మెకానిక్, ఉన్నదంతా ఊడ్చి బీమా డబ్బు ముందే కట్టేశాడు.

"దరఖాస్తులో అమ్మ ఫోను నంబరు రాశాను బావా," అన్నాడు గ్యారంటీ. "నువ్వు లిఫ్టు గోతిలోకి దిగితే నీ ఫోను మోగి చావదు. అమ్మదైతే నిద్రలో కూడా చేతిలోనే ఉంటుంది. రేపు పదింటికి డాక్టరు ఫోను చేసి నాలుగు ప్రశ్నలడుగుతాడు. ఉన్నదున్నట్టు చెప్పు. ఏదైనా దాచావని తేలిందో, పాలసీ రాదు, కట్టిన డబ్బూ రాదు."

మర్నాడు మెకానిక్ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అత్తగారి ఫోను ముందు పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు కూర్చున్నాడు. అంతలో అతని సొంత ఫోను మోగింది. పక్కవీధి భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది, లోపల ఎవరో ఇరుక్కున్నారు.

"అత్తయ్యగారూ, డాక్టరు ఫోను చేస్తే అరగంటలో వస్తానని చెప్పండి. ఈలోగా ఏమైనా అడిగితే ఏదీ దాచకుండా చెప్పేయండి," అని సంచీ తీసుకుని పరిగెత్తాడు.

ఆ మాటల్లో అత్తగారి చెవికెక్కినవి రెండే: డాక్టరు, దాచకుండా. ఆ ఇంట్లో రోగి హోదా ఆవిడది. ఇంకొకరికి తుమ్ము వచ్చినా ఆవిడ ఒప్పుకోదు. పైగా ఆవిడది కంచు గొంతు. ఫోనులో విన్నవాళ్ళంతా "సార్" అనే అంటారు. ఆవిడకూ అలవాటైపోయింది.

"పేషెంటు ఉన్నారా?" అన్నాడు డాక్టరు.

"పేషెంటునే మాట్లాడుతున్నా బాబూ."

"మోకాళ్ళ నొప్పులేమైనా ఉన్నాయా సార్?"

ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని ఆవిడ ఏళ్ళ తరబడి ఎదురుచూస్తోంది.

"ఒకటా బాబూ, రెండూ పోయాయి! మెట్లు చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. ఆ కళ్ళలోనూ ఒకదానికి ఆపరేషనయింది."

"మరి పని చేసుకోగలుగుతున్నారా సార్?"

"పనా, నా మొహమా! కూర్చున్నచోటి నుంచి లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి."

డాక్టరుకు జాలేసింది. కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపడం, ముడవడం ఎలాగో చెప్పి, రోజూ చెయ్యమని ఫోను పెట్టేశాడు.

మెకానిక్ వచ్చేసరికి అత్తగారు కుర్చీలో కాళ్ళు ఊపుతోంది.

"ఎంత మంచి డాక్టరో అల్లుడుగారూ! అంతా ఓపిగ్గా విన్నాడు. పైసా ఫీజు అడగలేదు."

"నా గురించేమడిగాడు?"

"మీ ఊసే రాలేదే!"

మెకానిక్ వెంటనే గ్యారంటీకి ఫోను చేశాడు. "అమ్మ ఏదో ముచ్చట్లాడి ఉంటుందిలే బావా. డాక్టరే మళ్ళీ చేస్తాడు. గ్యారంటీ నాది," అన్నాడు వాడు.

డాక్టరు మళ్ళీ చేయలేదు. వారం తిరిగేసరికి బీమా ఇవ్వలేమని ఉత్తరం వచ్చింది. దాని నకలు విదేశానికీ వెళ్ళింది. ఇద్దరు పట్టుకుంటే గాని లేవలేని మనిషి లిఫ్టులెలా బాగుచేస్తాడో అక్కడివాళ్ళకు అంతుపట్టలేదు. రెండు రోజుల్లో తేల్చకపోతే వేరే మనిషిని చూసుకుంటామన్నారు.

"ఇందులో ఏముంది? అమ్మనే తీసుకెళదాం. ఆ మోకాళ్ళు ఎవరివో డాక్టరే కళ్ళారా చూస్తాడు," అన్నాడు గ్యారంటీ.

బీమా ఆఫీసు నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు ఆ పొద్దుటే, ఆఫీసువాళ్ళంతా పైకెళ్ళాక ఆగిపోయింది.

"మెట్లంటే నా వల్ల కాదు నాయనా," అని అత్తగారు కింద బెంచీ మీద చతికిలబడింది.

"నువ్వుండగా లిఫ్టుకేం లోటు బావా!" అన్నాడు గ్యారంటీ, అది కూడా తన గొప్పే అన్నట్టు.

మెకానిక్ కాపలావాడిని అడిగి తాళం తెరిపించుకుని గోతిలోకి దిగాడు. ముప్పావుగంట కుస్తీ పట్టాక లిఫ్టు కదిలింది. ఆ సంబరంలో పైకెక్కబోతే కుడి మోకాలు ఇనుప పట్టాకి ఠంగున తగిలింది. నోటిదాకా వచ్చిన మాటను, ఎదురుగా అత్తగారున్నారని మింగేశాడు.

పైన డాక్టరు ఆవిడ గొంతు విని ఉలిక్కిపడ్డాడు. "సార్... మీరేనా! సరే, మాట్లాడింది మీరేనని ఒప్పుకుంటాను. ఆ మోకాళ్ళూ మీవేనా?"

"నావే బాబూ! నువ్వు చెప్పినట్టే చేశాను, చూడు," అంటూ ఆవిడ కృతజ్ఞత కొద్దీ గొంతుక్కూర్చుని, చెయ్యి ఆనించకుండా లేచి నిలబడింది. "ఇంకోసారి చూస్తావా?"

వెనక నుంచి గ్యారంటీ చేసిన సైగలన్నీ గాలికి పోయాయి. ఆవిడ ఇంకోసారి కూడా చూపించింది.

"అమ్మా, ఇద్దరు పట్టుకుంటే గాని లేవలేని మనిషి వారంలో ఇలా లేవదు. నా వైద్యం సంగతి నాకు తెలుసు," అన్నాడు డాక్టరు. "ఆ మోకాళ్ళు మీవి కావు."

అంటూ, గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డ మెకానిక్ వైపు తిరిగాడాయన. "మీరు ఇలా నాలుగడుగులు వేయండి."

మెకానిక్ ఒక అడుగు వేసి "అబ్బా!" అన్నాడు. "ఇప్పుడే తగిలిందండీ, మీ లిఫ్టు బాగుచేస్తుంటే..."

"మా లిఫ్టుకేమైంది? ఇప్పుడు మీరొచ్చింది అందులోనే కదా!"

రోగం దాచడమే గాక, దాన్ని పెద్దావిడ మీదికి నెట్టాలని చూశాడని డాక్టరు రాసుకున్నాడు. మర్నాటికి విదేశంలో ఆ ఉద్యోగం ఇంకెవరికో వెళ్ళిపోయింది.

ఆ రోజు ఆఫీసు నుంచి అత్తగారు మెట్ల మీదుగా చకచకా దిగింది. మెకానిక్ లిఫ్టులో దిగాడు, ఒక పక్క గ్యారంటీ, ఇంకో పక్క కాపలావాడు పట్టుకుంటే.

"ఎవరేమన్నా డాక్టరు మాత్రం దేవుడు అల్లుడుగారూ," అంది అత్తగారు వీధిలోకి రాగానే. "ఇవాళ కూడా పైసా పుచ్చుకోలేదు."

బీమావాళ్ళు ముందే కట్టించుకున్న ఇరవై మూడు వేల నాలుగు వందల యాభైలోంచి పైసా తిరిగి ఇవ్వనూ లేదు.